చంద్రుని పద్దు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను గాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. మా ఇంటి కరణీకము 1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేయువరకు సాగినది. తరువాత కవిలెకట్టలు అటకమీద మిగిలినవి. పద్దు వ్రాయు అలవాటు నాకు మిగిలినది. సంస్కృతాంధ్ర గ్రంథములతో నాకు గల కొలదిపాటి పరిచయమంతయు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద సంపాదించుకొన్నదే. కావున నేడు నేను చెప్పబోవునది శాస్త్రోపన్యాసమని భావింపవలదు. ఒక లెక్కల గుమాస్తా చంద్రుని ఖాతాను తిరుగవేసి చూచినాడని మాత్రము భావింపుడు.

మన పెంటపాటి ప్రాంతమున చంద్రుని ఖాతాలో వ్రాయని ఖర్చు లేదు. ఉబ్బసము పెరిగినచో పౌర్ణమి. జ్వరము తిరుగబెట్టినచో అమావాస్య. మతి తప్పినవాడు కేకలు వేసినచో చంద్రుడు. గేదె రెండు దినములు ముందుగ ఈనినచో చంద్రుడు. ఇది ఒక పక్షము. నాలుగక్షరములు నేర్చిన కుర్రవారిది మరియొక పక్షము. వారు నవ్వి, "అదంతా మూఢనమ్మకమండీ, చంద్రుడు ఒక రాతిముద్ద" అని చక్కబోవుదురు. ఉభయపక్షములవారును జమాఖర్చులు చూడకుండగనే మొత్తము వేసినవారే యని నా అభిప్రాయము.

మొట్టమొదట సముద్రమును చూతము. మన నరసాపురము మొగయొద్ద పడవ నడుపువానికి ఏ పుస్తకమును అక్కరలేదు. దినమునకు రెండు మారులు పోటు, రెండు మారులు పాటు. నేడు వచ్చిన పోటు రేపు సుమారు యేబది నిమిషములు ఆలస్యముగ వచ్చును. ఏలయన చంద్రోదయమును అంతే ఆలస్యమగుచున్నది. అమావాస్యకును పౌర్ణమికిని ఒకటి రెండు దినములు అటునిటుగా పోటు మిక్కిలి పెద్దది. అష్టములు దాటిన దినములలో మిక్కిలి చిన్నది. పర్వదినములలో సూర్యచంద్రులిద్దరి బలము ఒకే వరుసనుండును. అష్టమినాడు ఒకరి పని నొకరు తగ్గించుకొందురు. సూర్యుడెంత పెద్దవాడైనను దూరస్థుడు గనుక, ఈ పనిలో చంద్రుని బలము సూర్యుని బలమునకు రెండింతల కంటె కొంచెము ఎక్కువ.

విష్ణుపురాణము ద్వితీయాంశమున ఈ విషయమును చదివినప్పుడు నేను ఆశ్చర్యపడితిని. కుండలోని నీరు నిప్పుసెగకు పొంగునట్లు చంద్రవృద్ధికి సముద్రము పొంగుననియు, నిజమునకు నీరు పెరుగుటయు లేదు తరుగుటయు లేదనియు అందు చెప్పబడినది. ఉపమానము సరికాకపోయినను, నీరు పుట్టుటలేదు, చోటుమారుచున్నదను మాట సరియైన లెక్క. అంతటితో ఆగక, ఆ పొంగు ఐదువందల పది అంగుళములని కొలత గూడ ఇచ్చిరి. వ్రేలి వెడల్పు రెండు సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా తీసికొన్నచో అది పది మీటర్లకు దగ్గర పడును. మన కాకినాడ తీరమున పెద్దపోటు సుమారు మీటరున్నర మాత్రమే. పది మీటర్ల పోటు గుజరాతునందలి ఖంభాతు సింధుశాఖలో కలదు. ఆ కొలత వ్రాసిన మహానుభావుడు పశ్చిమతీరమును చూచినవారి మాట విని వ్రాసెనేమోయని నాకు తోచినది. ఇది నా ఊహ మాత్రమే, పండితులు మన్నింతురుగాక.

నవ్వెడి కుర్రవారికి ఒక్క మాట. దూరదర్శినితో చంద్రునిపై కొండలను చూచిన గెలీలియో మహాశయుడే, సముద్రపు పోటునకు చంద్రుడు కారణమని కెప్లరు చెప్పగా, 1632లో ప్రకటించిన తన గ్రంథమున దానిని పసితనపు మాటగా తీసివేసెను. న్యూటను 1687లో లెక్కకట్టి చూపినపుడు పల్లెకారుల మాటయే నిలిచినది. కనుక నవ్వుటకు ముందుగ లెక్కకట్టుట మంచిది.

ఇక మన కొల్లేటి సంగతి. కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలో పడును. దానినుండి సముద్రమునకు పోవు త్రోవ ఉప్పుటేరు ఒక్కటే. అది అరువది కిలోమీటర్లకు పైచిలుకు. వానకాలమున కొల్లేటినీరు ఉప్పుటేటిగుండ దిగిపోవును. వేసవిలో సరస్సు తగ్గినప్పుడు, పోటు వెంట సముద్రపు ఉప్పునీరు అదే త్రోవను ఎదురెక్కి వచ్చును. ఆ ఉప్పును ఆపుటకే ఉప్పుటేటిపై రెగ్యులేటర్లు కట్టవలెనని రైతులు కోరుచు వచ్చినారు. ఆ ఒడ్డున త్రాగునీరు ఉప్పనైన గృహిణి చంద్రుని తలచుకొనదు గాని, ఆమె బిందెలోని ఉప్పులో చంద్రుని వాటా కొంత కలదు.

ఇక్కడనే అసలు చిక్కు విడిపోవునని నా నమ్మకము. "మనిషి శరీరములో సగమునకు పైగా నీరే గదా! సముద్రమును లాగిన చంద్రుడు మనిషిని లాగడా?" అని అందరు అడుగుదురు. నన్ను మా ఇంటిలోనే అడిగినారు. దీనికి సమాధానము కొల్లేరే చెప్పుచున్నది. పోటునకు కారణము చంద్రుడు లాగుట గాదు; లాగుటలోని తేడా. భూమి పన్నెండువేల ఏడువందల కిలోమీటర్ల వెడల్పు గలది. చంద్రుడు సగటున మూడులక్షల ఎనుబదినాలుగువేల కిలోమీటర్ల దూరమున నున్నాడు. భూమికి ఈ వైపున ఆకర్షణ కొంచెము ఎక్కువ, ఆ వైపున కొంచెము తక్కువ. ఆ తేడా వలన మహాసముద్రము రెండు వైపులను ఉబ్బును. వందల చదరపు కిలోమీటర్లున్న కొల్లేరంతటి నీటిలోనే, సముద్రముతో సంబంధము లేకున్నచో, కంటికి కనబడు పోటు లేదు. మన ఊరచెరువులో లేదు. ఐదున్నర అడుగుల మనిషిలో తలకును పాదమునకును మధ్య తేడా ఎంత? వ్రాయుటకు సున్నలు చాలవు. చంద్రుడు మనయొద్దకు వచ్చినచో ఉప్పుటేటివంటి త్రోవ ఏదో యొకటి ఉండవలెను. త్రోవ చూపక పద్దు వ్రాయరాదు.

అట్టి త్రోవలు కొన్ని కలవు. ఆకివీడు, భీమవరము వైపు రొయ్యలచెరువుల లెక్కలు నేను కొన్నియేండ్లుగా వ్రాయుచున్నాను. అమావాస్య పౌర్ణములు వచ్చునప్పటికి రైతుల పద్దులు మారిపోవును. రొయ్య పెరుగవలెనన్న పాతగుల్లను విడువవలెను; పర్వదినముల సమీపమున అధికసంఖ్యలో విడుచును. కొత్తగుల్ల గట్టిపడువరకు అది మెత్తగ, దిక్కులేనిదిగ నుండును, తోటిరొయ్యలే తినివేయును. అందుచేత ఆ రెండు మూడు దినములు మేత తగ్గింతురు, ఖనిజలవణములు చల్లుదురు, ఏరేటర్లు రాత్రియంతయు త్రిప్పుదురు, పట్టుబడి వాయిదా వేయుదురు. మెత్తరొయ్యకు ధర పలుకదు గదా. ఇది మూఢనమ్మకమన్నవాడు ఒక్క అమావాస్య నిద్రపోయి చూడవచ్చును! శాస్త్రజ్ఞులును ఈ సంబంధమును గమనించినారు. చెరువులో పోటు లేదు గాని, రొయ్య పూర్వులు లక్షలయేండ్లు పోటుపాటులలో బ్రదికినవి. ఆ గడియారము దాని ఒంటిలో నిలిచియున్నది. ఆస్ట్రేలియా తూర్పుతీరమున పగడపుజీవులు, ఏటేట వసంతమున పౌర్ణమి వెళ్ళిన కొలది రాత్రులకు, అన్నియు ఒక్కమారుగ గ్రుడ్లు విడుచునట. కావున చంద్రప్రభావము పుక్కిటిపురాణము గాదు. గుల్లలున్న జీవికి నిజమైనది మనిషికి నిజమగునా యనునది వేరుప్రశ్న.

ఇపుడు రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపుదును.

2004 డిసెంబరు 26, ఆదివారము, మార్గశిర పౌర్ణమి. సుమత్రాయొద్ద సముద్రగర్భమున భూకంపము వచ్చినది. సుమారు రెండున్నర గంటలలో సునామీ మన తీరమును తాకినది. మన రాష్ట్రమున నూరుమందికి పైగా మరణించిరి. బందరు మంగినపూడి తీరమున పర్వస్నానమునకు దిగినవారును అందు కలరు. "పౌర్ణమి గనుకనే సముద్రము పొంగినది" అని ఆ దినము మన వీధులలో ప్రతి అరుగుమీదను విన్నాము.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమ ఉప్పెన. మనిషికి మూడింతల ఎత్తున సముద్రము ఊళ్ళమీదికి వచ్చినది. పదివేలకు పైగా జనులు పోయిరి. ఆ దినము కార్తీక శుక్లాష్టమి దాటి ఒకటి రెండు దినములు. అనగా పక్షమంతటిలోను పోటు మిక్కిలి చిన్నదిగ నుండు దినములు! ఆ నీటిని తెచ్చినది తుపానుగాలి. చంద్రుడు ఆనాడు దాదాపు సెలవులో నున్నాడు. అదే తుపాను ఆరుదినములు ఆగి పౌర్ణమికి వచ్చియుండినచో ఆ నీటిమీద మరికొంత నీరు చేరియుండెడిది.

సునామీని జ్ఞాపకముంచుకొన్న నోళ్ళు ఉప్పెన తిథిని ఏల చెప్పవు? కలిసివచ్చిన దినము మనస్సులో పద్దు పడును. కలిసిరాని దినము పడదు. ఏటికి పన్నెండో పదుమూడో పౌర్ణములు, అన్నియే అమావాస్యలు. వానికి ముందువెనుకల దినములను గూడ కలుపుకొన్నచో సంవత్సరములో అయిదవ వంతు చంద్రుని క్రిందికే వచ్చును. ఏ అపాయమైనను అందులో పడుట ఏమి వింత? న్యాయముగ మరియొక మాటయు చెప్పవలెను. పర్వదినముల పోటుభారము వలన, అప్పటికే బిగిసి తెగుటకు సిద్ధముగనున్న భూమిపొరలలో పెద్ద కంపమునకు అవకాశము కొంచెము హెచ్చునని 2016లో జపాను శాస్త్రజ్ఞులు లెక్కలు చూపిరి. దానిని నేను త్రోసివేయను. పిడకలు ఎండిన పిదప నిప్పురవ్వ చాలును. కాని పిడకలను ఎండబెట్టినది చంద్రుడు గాదు.

మనుష్యుల సంగతికి వత్తము. పురుషసూక్తమున విరాట్పురుషుని మనస్సునుండి చంద్రుడు పుట్టినట్లున్నది. ఇంగ్లీషువారు పిచ్చివానికి వాడు లూనటిక్ అను మాట చంద్రుని లాటిను పేరైన లూనా నుండి వచ్చినది. తూర్పు పడమరలు రెండును మనస్సును చంద్రునికి ముడివేసినవి. ఆస్పత్రుల రికార్డులను, కాన్పుల రిజిష్టర్లను తిరుగవేసినవారు అనేకదేశములలో కలరు. పౌర్ణమికి పిచ్చియు కాన్పులును హెచ్చునను మాట ఆ లెక్కలలో నిలువలేదు. నిద్ర విషయమున మాత్రము కొంత కనబడినది. అర్జెంటీనాలోని టోబా తెగవారి నిద్రను కొలిచి 2021లో ప్రకటించిన పరిశోధనలో, పౌర్ణమికి ముందు రాత్రులలో వారు ఆలస్యముగ పండుకొని తక్కువగ నిద్రించిరని తేలినది. ఇది నాకు వింతగ తోచలేదు. ఆ రాత్రులలో ప్రొద్దుగ్రుంకుటతోడనే వెన్నెల సిద్ధముగ నుండును.

మన పెద్దలు ఆ వెన్నెలను ఎట్లు ఖర్చుపెట్టిరో చూడుడు. కరెంటు రాకముందు నూర్పిళ్ళు వెన్నెలలో. తాడేపల్లిగూడెము సంతకు బండ్లు కట్టుట వెన్నెలలో. వీధినాటకమునకు ముహూర్తము శుక్లపక్షమున. అట్లతద్దినాడు ఆడపిల్లలు చంద్రుని చూచిగాని అట్లు తినరు. కృష్ణపక్షపు చీకటిలో త్రోవనడుచుటకు భయము. ఆ చీకటిలో పాములు, దొంగలు, దారిగుంటలు నిజముగనే కలవు. అమావాస్య గండమను మాటలో సగము దీపము లేని కాలపు జాగ్రత్తయని నా అభిప్రాయము. దీపము వచ్చినది గాని గండము పోలేదు.

ఇక పంచాంగము. లెక్కలు వ్రాయువానిగ నేను చంద్రునికి మ్రొక్కునది ఇక్కడ. సూర్యునినుండి చంద్రుడు పన్నెండు భాగలు కదలిన కాలము ఒక తిథి. అతని నడక సమముగ నుండదు గనుక తిథి ఒకప్పుడు పందొమ్మిది గంటలు, ఒకప్పుడు ఇరువదియారు గంటలు. అట్టి ముప్పది తిథులు నెల. పన్నెండు నెలలు 354 దినములు. సూర్యునితో పోల్చిన ఏటికి పదునొకండు దినములు లోటు. ఆ లోటును పేరనిచ్చి, సుమారు ముప్పదిరెండు, ముప్పదిమూడు నెలలకు అధికమాసము వేసి ఖాతా సరిచేయుదురు. 2023లో శ్రావణము రెండుమార్లు వచ్చినది అందుచేతనే. ఆ నిజశ్రావణ శుక్లసప్తమినాడే, ఆగస్టు 23న, మన శ్రీహరికోటనుండి పోయిన చంద్రయానము చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది. ఉగాది, వినాయకచవితి, దీపావళి, కార్తికదీపము ఎప్పుడో చెప్పునది చంద్రుడు. మన పెండ్లిభోజనములు, బట్టలకొట్ల బేరములు, పూలధరలు, బస్సులలో రద్దీ అన్నియు అతని నడకతోనే నడచుచున్నవి. ఆకర్షణశక్తి లేకుండగనే మనుష్యులను లక్షలసంఖ్యలో కదిలించుచున్నాడు. ఉప్పుటేటివలె పంచాంగము ఒక త్రోవ.

భీమవరము గునుపూడిలోని సోమారామమున శివుని చంద్రుడు ప్రతిష్ఠించెనని స్థలపురాణము. లింగము పౌర్ణమికి తెల్లగను అమావాస్యకు ధూసరముగను కనబడునని భక్తులు చెప్పుదురు. నేనును ఏటేట కార్తికమున దర్శించుచున్నాను. భక్తిని కొలబద్దతో కొలువను. ఆ పద్దు వేరు.

కాని గ్రహణము విషయమున ఊరకుండజాలను. 2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము పట్టినది. పదిగంటలకు కొంచెము ముందు స్పర్శ, ఒంటిగంటన్నరకు మోక్షము. నేనెరిగిన యొక ఇంట ఎనిమిదవనెల కోడలు కలదు. ఊరు పేరు చెప్పను. గ్రహణవేధయని ఆమెకు మధ్యాహ్నమునుండి పచ్చిమంచినీరు ఇయ్యలేదు. కిటికీలు మూసిన గదిలో కదలకుండ పరుండబెట్టిరి. రాత్రి పదకొండింటికి ఆమె సొమ్మసిల్లినది. ఆశా కార్యకర్త పిలువగా 108 బండి వచ్చి వీధిలో నిలిచినది. నన్ను పిలిచిరి. అత్తగారు గుమ్మమున కడ్డము కూర్చుండి, "గ్రహణం విడిచేదాకా గడప దాటనివ్వను అన్నయ్యగారూ, నా మనవడి మూతి చీలితే మీరు కుడతారా?" అనినది. ఆమె చెడ్డది గాదు. కోడలిని కన్నకూతురివలె చూచుకొను ఇల్లాలు. ఆమె ప్రేమయే ఆ గుమ్మమునకు గొళ్ళెము పెట్టినది.

"అమ్మా, బిడ్డకు పెదవి రెండవనెల ముగియుసరికే కూడుకొనును, అంగిలి మూడవనెలకు. ఎనిమిదవనెలలో చీలుటకు అక్కడ ఏమియు మిగిలిలేదు" అని చెప్పితిని. ఆమె వినలేదు. మోక్షమైన పిదప ఒంటిగంటన్నరకు బండి కదలినది. ఆస్పత్రిలో సెలైను ఎక్కించిరి. తల్లి దక్కినది, మూడువారములకు ఆడబిడ్డ పుట్టినది, పెదవి చక్కగనే యున్నది. ఆ రాత్రి నీరు త్రాగకపోవుటచేతనే పెదవి చక్కగ వచ్చినదని ఆ ఇంటివారు నేటికిని చెప్పుకొనుచున్నారు!

ఇట్టి ఖాతాలో చంద్రునికి ఎప్పుడును నష్టము రాదు. బిడ్డ బాగున్నచో నియమఫలము; బాగులేనిచో నియమలోపము. గ్రహణమొర్రి గ్రహణము లేని నెలలలోను, గ్రహణమన్న భయమే లేని దేశములలోను పుట్టుచున్నది. సుమారు ఏడెనిమిదివందల కాన్పులకు ఒకటి. వంశము, కొన్ని మందులు, పొగత్రాగుట, తొలినెలలలో ఫోలిక్ ఆమ్లపు లోపము మొదలగునవి దాని కారణములని వైద్యులు చెప్పుదురు. ఇప్పుడు దానికి శస్త్రచికిత్సయు కలదు. గ్రహణమన భూమినీడ చంద్రునిపై పడుటయని మన ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే వ్రాసెను. వరాహమిహిరుడును రాహువు మ్రింగుటను ఒప్పుకొనలేదు. ఈ మాట పడమటివారు నేర్పినది గాదు, మన బీరువాలోనిదే. స్నానము చేయువారు చేయుడు, జపము చేయువారు చేయుడు; నేనును చేయుదును. గర్భిణికి నీరు మాన్పుట ఏ మోక్షమునకును అవసరము లేదు.

మరియొక చిన్నమాట చెప్పి ముగింతును. పోటుపాటుల రాపిడివలన భూమి తిరుగుట మెల్లమెల్లగ మందగించుచున్నది. చంద్రుడు ఏటికి 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నాడు. 1969లో మనుష్యులు అక్కడ ఉంచి వచ్చిన అద్దములపై కాంతిని పంపి ఈ దూరమును కొలుచుచున్నారు. ముప్పదియెనిమిది కోట్ల యేండ్లనాటి పగడములమీది గీతలను లెక్కించినవారు అప్పటి సంవత్సరమునకు సుమారు నాలుగువందల దినములని కనుగొనిరి. మనకు నేడు ఇరువదినాలుగు గంటల దినమున్నదన్న, అందు చంద్రుడు చేర్చిన గంటలును కలవు.

కార్యదర్శిగారి అనుమతితో పత్రికల బల్లమీద, ఎడమచివర, ఒక నోటుపుస్తకము ఉంచితిని. నాలుగు గడులు గీసితిని: తేదీ, తిథి, జరిగినది, జరుగుననుకొని జరుగనిది. పశువు ఈనుట, ఉబ్బసము పట్టుట, నిద్రపట్టకపోవుట, చెరువులో రొయ్య గుల్ల విడుచుట ఏదైనను వ్రాయవచ్చును. నాలుగవ గడిని వెడల్పుగ గీసితిని. దానిని ఖాళీగ విడువవలదు. కలము దారముతో కట్టియున్నది. ఏటికొకసారి లెక్కకట్టి చదివి వినిపించు బాధ్యత నాది.